ఎనిమిది సెకన్లు

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు
ఎనిమిది సెకన్లు నిలవాలి.
అంతకు మించితే జనం చానల్ మార్చేస్తారట,
తగ్గితే చదవడం పూర్తికాదట.
కార్డిఫ్‌లో, కిటికీ లేని ఓ గదిలో
ఆ ఎనిమిది సెకన్లు రాయడమే నా ఉద్యోగం.

పాత హాస్య నాటికలు డబ్బాల్లోంచి లేచి వస్తాయి.
ఒక్కొక్కటీ చూసి గళ్ళు నింపుతాను.
పొగతాగే దృశ్యాలు: ఉన్నాయి.
అప్పుడు ప్రతి ఇంటా పొగే, ఎవరు లెక్కపెట్టారు గనక.
మిణుకుమిణుకుమనే వెలుగులు: లేవు.
బూతుకి ఒకప్పుడు నాలుగు గళ్ళుండేవి,
ఇప్పుడు రెండే.
ఏ మాట మీద ఉత్తరాలు రాసి రాసి
మా నాన్న వేళ్ళు కాయలు కాశాయో
ఆ మాట ఇవాళ ఏ గడిలోకీ రాదు.
పిల్లల కార్యక్రమంలో ఓ తాతయ్య
తుమ్మినంత తేలిగ్గా అనేస్తాడు.

నాన్న ఈస్ట్ మూర్స్ ఉక్కు కార్ఖానాలో కొలిమి మనిషి.
ఆదివారం చాపెల్, గురువారం టీవీ.
తొమ్మిది కొట్టకముందే తెర మీద ఓ ఆడమనిషి భుజం కనిపిస్తే
గీతల కాగితం తీసి, ముత్యాల్లాంటి అక్షరాలతో
"అయ్యా, మా డిలిస్‌కి తొమ్మిదేళ్ళు" అని మొదలుపెట్టేవాడు.
నా వయసు అలా ఎన్నిసార్లు లండన్ వెళ్ళొచ్చిందో,
నేనింకా ఊరు దాటకముందే.

మా టీవీ అద్దెది.
వెనక ఓ డబ్బా, డబ్బాకో చీలిక.
నాణెం వేస్తే బొమ్మ. అయిపోతే చీకటి.

పక్కింటి క్లెమెంట్ ఆలీన్ గారు బార్బడోస్ నుంచి వచ్చినవారు,
నాన్నతో ఒకే షిఫ్టు.
గురువారం మా సోఫా కుడి చివర ఆయనది.
భార్య ఇస్మే కొబ్బరి రొట్టె పంపేది,
అమ్మ ఆ పళ్ళెం ఎన్నడూ ఖాళీగా తిరిగివ్వలేదు.

ఆ రాత్రి నటుడు తలుపు తెరిచాడు.
తలుపవతల, పెట్టె పట్టుకుని, నల్లజాతి అద్దెదారు.
నటుడు నోరు తెరిచాడు.
ఠప్పున చీకటి.
నాన్న జేబులు తడుముకున్నాడు,
అమ్మ టీ డబ్బా కదిపి చూసింది.
"ఉండండి, ఉండండి" అంటూ
ఆలీన్ గారే లేచి, కోటు జేబులో వెతికి
ఏడంచుల బిళ్ళ ఒకటి చీలికలో వేశారు.
వెలుగొచ్చింది.
వెలుగుతోపాటే ఆ మాటా వచ్చింది.

టీవీలో జనం నవ్వారు. నాన్న నవ్వాడు.
నాన్నను చూసి నేను.
ఆలీన్ గారూ నవ్వారు,
ఒక్క క్షణం ఆలస్యంగా,
కదిలిపోతున్న బస్సుని పరిగెత్తి అందుకున్నట్టు.

ఆ రాత్రి గీతల కాగితం బయటికి రాలేదు.

అదే నాటిక ఇప్పుడు నా ముందుంది.
చెయ్యి అలవాటు కొద్దీ రాసేసింది:
"ఈ కార్యక్రమంలో ఆ కాలపు అభిప్రాయాలు..."
ఆగాను.
ఆ కాలం ఎవరిది?
సోఫా కుడి చివర కూర్చున్నాయన
మరే కాలంలోనో కూర్చున్నారా?

కొట్టేసి మళ్ళీ రాశాను:
"ఇందులో ఒక మాట అప్పుడూ గుచ్చుకుంది."

పై అంతస్తు న్‌కెచి చదివి నిట్టూర్చింది.
వాళ్ళ అమ్మమ్మకి ఆ నటుడంటే ప్రాణమట,
ఎందుకో అడగాలనుకునేలోపే పోయిందట.
"నిజమే డిలిస్. కానీ మనకి
ఆమోదించిన వాక్యం ఒక్కటే ఉంది."

ఆ వాక్యమే వెళ్ళింది.
ఇంట్లో టీవీ ముందు కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టాను.
ఎనిమిది.
చీకట్లో ఒక మనిషి లేచి
కోటు జేబులో నాణెం వెతుక్కోవడానికి
ఇంచుమించు చాలు.

మరుసటి గురువారం కూడా వచ్చారాయన.
గడప మీదే గుప్పిట విప్పి చూపించారు,
రెండు బిళ్ళలు.
"ఈసారి మధ్యలో ఆగదు" అన్నారు నాతో.