ట్యూబులు అద్దెకిచ్చేవాడు

ఆదివారం పొద్దున్నే, ఎవరూ రాకముందే
పదకొండు లారీ ట్యూబులకి గాలి కొడతాను.
పన్నెండోదానికి మూడు అతుకులు.
దాన్ని నేనే వేసుకు తిరుగుతాను,
ఇంకొకరికి ఇవ్వడానికి మనసొప్పదు.

అపోయో సరస్సు ఒకప్పుడు నిప్పులు కక్కిన నోరు.
ఇప్పుడా నోటినిండా నీళ్ళు,
పుక్కిలించడానికని పట్టి
ఉమ్మడం మరిచిపోయినట్టు.
మడమ ఆనినచోట ఇసుక ఉంటుంది, ఇంకాస్త ముందుకు పోతే
ఏమీ ఉండదు.
ఈ మాట కొత్తవాళ్ళకి రెండుసార్లు చెబుతాను,
తాగి వచ్చినవాళ్ళకి నాలుగుసార్లు.

కొండ అంచు మీంచి కాలిబాట మెలికలు తిరుగుతూ దిగుతుంది.
దిగేటప్పుడు అందరి నోటా పాటలే.
అరటాకుల్లో చుట్టిన నకతమాల్ పొట్లాలు, పుచ్చకాయ,
ఒకడి భుజం మీద ఐసుపెట్టె,
ఇంకొకడి భుజం మీద నిద్రపోతున్న పిల్ల.
కొమ్మల్లో కోతులు గొంతు చించుకుంటుంటే
పిల్లలు అంతకంటే గట్టిగా బదులిస్తారు.
మళ్ళీ ఎక్కాలన్న సంగతి
సాయంత్రం నాలుగింటికిగానీ ఎవరికీ గుర్తురాదు.

ఆ వేళ మొనింబో నుంచి పుతోయ్ వాళ్ళొచ్చారు,
ఒకే పికప్ బండిలో పందొమ్మిదిమంది.
బండి పైన వదిలి, కేకలు ముందు పంపి, తర్వాత తాము దిగారు.
అందరికంటే వెనకాల
ఒక్కో రాయినీ కర్రతో పలకరిస్తూ తెయోఫిలా అవ్వ.

"నువ్వు నీడన కూర్చో, సామాను చూస్తుండు" అన్నాడు మనవడు యాదెర్.
కూర్చుంది. చూసింది. ఒక గంట.
తర్వాత లేచి నా దగ్గరికొచ్చి
ట్యూబుని పుచ్చకాయలా తట్టి విన్నది.
"ఎంత?"
"గంటకి ముప్పై కార్దోబాలు."
"నాకు ఈత రాదు. సగానికివ్వు."
ఆ లెక్క నాకిప్పటికీ తెగలేదు. ఇచ్చాను.

నా నైలాను తాడు చూసి ముఖం చిట్లించింది.
సంచీలోంచి తన నూలుతాడు తీసింది, పసుపూ ఎరుపూ పేటలు.
వేళ్ళు కదలడం చూశాను,
ముడి పడడం మాత్రం చూడలేకపోయాను.
కూతురు అసుసేనా చెప్పింది తర్వాత:
అరవై ఏళ్ళుగా ఊయలలు అల్లుతోందట.
ఎవరెవరో, ఏయే దేశాల్లోనో
వాటిలో మధ్యాహ్నాలు కునుకు తీస్తారట.
ఇంట్లో వేలాడేవన్నీ అమ్మకానివే.
పడుకుంటే నలుగుతాయి.

గౌనుతోనే దిగింది.
నలుగురు పట్టి ట్యూబులో వెల్లకిలా వాల్చారు.
"వదలండి" అంది.
వదల్లేదు.
"వదలమంటే!"
వదిలారు. తాడు కొస మాత్రం యాదెర్ మణికట్టుకి.

ఇక్కడి నీళ్ళు కాస్త వెచ్చగా ఉంటాయి,
ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళిన పక్కలాగా.
అవ్వ కాళ్ళు కాసేపు బిగుసుకుని ఉండి
తర్వాత వాటంతటవే విడిపోయాయి.
గాలి ట్యూబుని నెమ్మదిగా తిప్పింది.
ఒక చుట్టు కొండలు, ఒక చుట్టు మనవలు,
మళ్ళీ కొండలు.
కళ్ళు మూసుకుంది.
గురక ఒడ్డుదాకా వినపడింది.

గంటయింది. నేను కేకవేయలేదు.
గంటన్నర. కాలేజీ కుర్రాళ్ళు వచ్చి
ఒక్క ట్యూబైనా లేదా అని అడిగితే
నా అతుకులదాన్ని ఇచ్చేశాను.
యాదెర్ నడుంలోతు నీళ్ళలో నిలబడే
ఒక చేత్తో నకతమాల్ తిన్నాడు.

నాలుగింటికి లాగారు. లేపినందుకు అందర్నీ తిట్టింది.
పదిహేను కార్దోబాలు లెక్కపెట్టి ఇచ్చింది, ఒక్కటీ ఎక్కువ కాదు.
తాడు మరిచిపోయావంటే
"నానింది. ఇక అమ్మకానికి పనికిరాదు" అని
కర్ర అందుకుంది.
ఎక్కుతుంటే ప్రతి మలుపులోనూ ఆగింది,
ఆయాసానికో, ఇంకెందుకో.

చీకటిపడ్డాక ట్యూబుల గాలి తీశాను.
ఆ ముడి ఒక్కటే విప్పడం నాకు చేతకాలేదు.
చివరికి పళ్ళతో లాగాను,
నోటికి కొంచెం ఉప్పగా తగిలింది.
ముడి కదల్లేదు.