కోరంటి

నల్లకుంట ఫీవరాస్పత్రి వెనక గదిలో
ఆశా కార్యకర్తల కోసం పదకోశం రాస్తున్నాను.

పొదుగుదల కాలం:
గుడ్ల మీద కోడిలా
ఒంట్లో రోగం మెదలకుండా కూచుంటుంది.
మనిషి మాత్రం సిటీబస్సెక్కుతాడు,
వలీమాకు పోయి పది చేతులు కలుపుతాడు.

ఆతిథేయి:
పిలవకుండానే చోటిచ్చిన ఒళ్లు.
కొట్టేసి మళ్లీ రాశాను. ఇంతకంటే బాగా రాలేదు.

వాహకుడు దగ్గర పెన్ను ఆగింది.
జ్వరం లేదు, దగ్గు లేదు,
యాకుత్‌పురా గల్లీలో పిల్లలందర్నీ ముద్దాడే మామూ.
మూడో మంచం మీద నౌషీన్‌కి
గొంతులో బూడిదరంగు పొర.
కంఠసర్పి అని పేరు పెట్టినవాడెవడో
దాన్ని దగ్గర్నించి చూసే ఉంటాడు.

'స్పర్శితులు' అని చదివితే
వార్డు తుడుస్తున్న సాయవ్వ నవ్వింది.
"గట్లెవలంటరు బిడ్డా?
ఎవల పక్కల పండిండ్రు, ఎవల తల్లెల తిన్నరు,
గదడుగు. చెప్తరు."
మార్జిన్‌లో ఆమె మాటే రాసుకున్నాను.

చివరిది క్వారంటైన్.
ఎక్కడిదో ఓడరేవు మాట, నలభై రోజులని అర్థం.
నిర్బంధవాసం అని రాశాను.
బయట ఆటో అతను అరుస్తున్నాడు:
"కోరంటి! కోరంటి దవాఖానా!"
ఊరు ఎప్పుడో నమిలి మింగిన మాట.
నాది కొట్టేశాను.

గేటు అవతల మామూ.
చేతిలో చిన్నసైజు గాజుల పొట్లం,
గొంతులో పొద్దున దూదిపుల్ల తాకిన మంట.
లోపలికి రానివ్వరని తెలిసే నిలబడ్డాడు.

ఇతనికి
నా కాగితంలో ఒక్క మాటే ఉంది.