ఖాళీ బరువు

చీమకుర్తి కాటా మీద
రోజూ వచ్చే రాయి లారీకి
ఖాళీ బరువు మళ్లీ తూచను.
నంబరు కొడితే చాలు.

ఫోన్లో తిండి లెక్కకూ అదే కిటుకు.
రెండు జొన్నరొట్టెలు, గోంగూర పప్పు
గరిటెడా, గరిటెన్నరా అంటే
మస్తానమ్మ నవ్వేది:
"కొండల్ని తూచేవాడివి, నన్నడుగుతావేందయ్యా!"
అన్నీ కలిపి ఒకే పేరు పెట్టా,
మస్తానమ్మ క్యారేజీ.
ఒక్క నొక్కు. ఆరొందల నలభై.

ఒంగోలు డాక్టరు ఆ వరసంతా చూసి
"భలే క్రమం" అన్నాడు.

మొన్న బేస్తవారం ఆమెకు జ్వరం.
క్యారేజీ రాలేదు.
రెండు టీలు, ఓ బన్నుముక్క.
ఒంటిగంటకు వేలు తనంతట తనే నొక్కింది
ఆరొందల నలభై.

చెరిపేలోపే హారను.
ఖాళీ లారీ, పాత నంబరే.
ఎందుకో ఈసారి కాటా ఎక్కించా.

అరవై కిలోల తేడా.