పదకొండో గడి

అచ్చంపేట అవతల, చెరువు నెర్రెలిచ్చిన ఊళ్లో
బడి వరండా. మధ్యాహ్నం మూడు.
పైసలిచ్చే దేశం నుంచి ఒకామె వచ్చింది,
ఎండకు ముక్కు కందిపోయి,
చేతిలో పన్నెండు గళ్ల కాగితం.
నేను దుబాసిని.
రోజుకు పద్నాలుగు వందలు, అన్నం వాళ్లదే.

పది గళ్లు దాటాం. కట్టల పొడవు, ఇంకుడు గుంతలు, ఖర్చు.
పదకొండో గడి దగ్గర నా నాలుక తడబడింది.
ఆఫీసు నేర్పిన మాటే అనేశాను:
లింగ సమానత్వం.

స్తంభానికి ఆనుకున్న ఈదయ్య తాత
రెండు చేతులూ జోడించాడు.
"సలేశ్వరం లింగమయ్య ముచ్చటనా బిడ్డా?
ఆయనకు సమానం ఎవరుంటరు?"

అందరూ నవ్వారు.
ఎందుకో తెలియకుండానే ఆమె కూడా నవ్వింది.
మాట మార్చాను:
"ఆడోళ్లు, మొగోళ్లు ఒక్క తీరు."
నవ్వు ఆగింది.

ముందు వరసలో చాపల మీద ఆడవాళ్లు.
పొద్దున్నే సర్పంచు మనిషి ఇల్లిల్లూ తిరిగి
రమ్మని చెప్పినవాళ్లు.
లెక్కపెట్టి ఇచ్చింది నేనే. ఇరవై ఆరు.
ఆమె శాతం కట్టి గడిలో వేసుకుంది.
పెన్ను మూత పెడుతుంటే
కుర్మమ్మ లేచింది. కొంగుకు ఇంకా పత్తి పింజలు.

"మీటింగు మూడింటికి పెట్టిందెవరు?
మూడింటికి నేను చేన్ల ఉంట.
ఇయాల నా సగం కూలి పాయె.
కట్ట పోసింది మేము, తట్టకు తట్ట.
మొగోనికి మూడొందల యాభై, నాకు రెండొందలు.
మస్టరు రాసేది సర్పంచు బామ్మర్ది.
కట్ట కింద తడిసిన మడి పట్టా
మా ఇంటాయన పేర, ఆయన తమ్ముని పేర.
గీ లెక్క ఏ గడిల రాస్తరు?"

అంతా చెప్పాను.
బామ్మర్దిని మాత్రం మింగాను.
సర్పంచు కుర్చీ నా పక్కనే ఉంది.

"ఇంగో మాట అడుగు. ఆమె దేశంల
ఇద్దరికీ ఒక్కటే కూలా?"

ఆమె గోడ మీది ప్రపంచ పటం వైపు చూసింది.
చెదలు తిన్న మూలలో తన దేశం, చింతగింజంత.
"కాదు" అంది. కాసేపాగి,
"ఇంకా కాదు."

"గట్లనా" అని కుర్మమ్మ కూర్చుంది.
ఓడిన మనిషిలా కాదు, గెలిచిన మనిషిలా కాదు.
చాప మీద కొంచెం జరిగి
ఆమెకు చోటు చేసినట్టుగా.

ఆమె కుర్చీ దిగలేదు.
కానీ గడిలో శాతాన్ని కొట్టేసి
తన భాషలో ఏదో రాసుకుంది.
వంకర అక్షరాలు. నాకు చదవరాలేదు.

తిరుగు దారిలో, మన్ననూరు దాటాక,
డ్రైవర్ని అడిగాను:
కొల్లాపూర్ జీపుతో పోయిన దుబాసి నరహరికి
రోజుకు ఎంతిస్తున్నారు?

గేరు మార్చాడు.
అద్దంలో ఒక్కసారి నన్ను చూశాడు.
"మీకు తెల్వదా మేడం?"