నలభై గ్రాములు

నాగర్‌కర్నూల్ల ఎక్కిన బస్సు
పెద్దకొత్తపల్లి దాటినంక
కంకర మీద పండ్లు కొరుక్కుంట పోతది.
రెండు దిక్కుల ఎర్రచెలక,
కోసినంక మిగిలిన జొన్న కొయ్యకాళ్లు,
నీళ్లు పడని బోరు పైపొకటి
నోరు తెరిచి మొగులు దిక్కు చూసుకుంట.
నా సంచిల సీసం, సుత్తె, ఈ యేటి ముద్ర,
గుడ్డల చుట్టిన అసలు బాట్లు.
తూనికలు కొలతల నౌకరి నాది.
ఏ ఊరికి పోయినా
ముందుగాల దాని అబద్ధమే కనపడ్తది నాకు.

కొల్లాపూర్ మామిడి మండీల నాలుగు కాంటాలు చూసిన.
మూడు సక్కగున్నయి.
నాలుగోదాని తట్ట అడుగున చింతపండు ముద్ద.
"ఎండకు అంటుకున్నది సారూ" అన్నడు బుచ్చన్న సేటు.
ఎండకు చింతపండు లేచిపోయి
తట్ట కిందనే అంటుకునే ఊరు
ఇదొక్కటే కావొచ్చు.
రాసుకున్న. చాయ్ తాగమన్నడు. తాగలే.

సోమశిలకు ఆటో.
మలుపు తిరిగినంక చెలక అయిపోయింది, గంతే.
ఆడి నుంచి నీళ్లు,
నీళ్లకు అవతల నల్లమల.
మాది పానగల్లు దిక్కు, నీళ్లంటే నాకు బిందెల లెక్క.
ఇన్ని ఒక్కపారి చూస్తే
ఎరుకలేనోళ్ల పెండ్లిల
ముందు బంతిల కూసున్నట్టు సిగ్గయింది.

రేవుల చేపల కాంటా గరికిన నూకాలుది.
"సూడు బాబూ, నా తక్కెడకేటి బయం" అన్నది.
ఆ మాట ఈ మన్నుది కాదు.
ఎన్నడో ఆమె తాత ఉప్పునీళ్లు ఇడిసి
వలలు నెత్తినెత్తుకొని ఈ కృష్ణ ఒడ్డుకొచ్చిండంట.
"సముద్రం యాదికొస్తదా?" అడిగిన.
"నాను సూస్తే కదా! ఈ రేవులోనే పుట్టినాను.
మాయమ్మ సెప్పీది, అది పడుకోదంట. ఇది పడుకుంటాది."
కొంచెం ఆగి,
"నువ్ సూసినావేటి?"
లేదన్న.
ఇద్దరం చూడని సముద్రం
ఇద్దరి నడుమ కొద్దిసేపు కూసున్నది.

కిలో బాటు పోయిందంట, నీళ్లల్ల పడి.
దాని జాగల ఒక నున్నటి రాయి.
"ఎండల్లో నీళ్లు ఎనక్కెల్తే ఊరు తేల్తాది బాబూ.
గోడలుండవు. గడపలుంటాయి.
ఓ గడప పక్కన దొరికినాది."
చేతిల పట్టుకుంటే తెలిసింది,
కారం నూరే గుండురాయి.
ఏ ఇంటిదో, ఎవల అరచేతికి అరిగిందో.
నా బాట్లతోని తూచిన.
కిలో మీద నలభై గ్రాములు.
ఇన్నేండ్లు, కిలో కొన్న ప్రతోనికీ
మునిగిన ఇంట్లకెళ్లి ఎవరో
నలభై గ్రాముల కొర్రమీను ఎక్కువేసి పంపిండ్రు.
"ఓలమ్మో! అందుకేటి నాకు మిగల్దు" అని
నూకాలు పొట్ట పట్టుకొని నవ్వింది.

తక్కువున్నా తప్పే, ఎక్కువున్నా తప్పే.
జప్తు.
రసీదు మడిచి కొంగున ముడేసుకున్నది.

అప్పుడే అవతలి ఒడ్డుకెళ్లి లాంచీ వచ్చింది.
దిగినోళ్లల్ల ఒక చెంచు ముసలాయన,
భుజాన జిగురు మూట.
ఎవల మొకం చూడలే, నీళ్లనూ చూడలే,
ఒక అర్రలకెళ్లి ఇంకో అర్రలకు పోయినట్టు
చెలక దిక్కు నడిచిండు.
అడివికి వాకిలి అంటరు ఈ ఊరిని.
గడప మాత్రం నీళ్ల కింద ఉన్నది.

తిరుగు బస్సు ఆరింటికి.
సంచి బరువెక్కింది.
పక్క సీటాయన ముక్కు మూసుకున్నడు,
వాసన నాదో, రాయిదో.
జప్తు కాయితంల 'తేడా' అన్న గడిల
నలభై అని రాసి,
ముందట ప్లస్సు పెట్టాల్నా మైనస్సా అని
పెద్దకొత్తపల్లి దాకా
పెన్ను పట్టుకొని కూసున్న.