ఏడో పేజీ

కాగితంలో ఆరు గంటలని ఉంది.
రోజుకు ఆరు గంటలు, రెండు వారాలు,
బాగున్న చేతికి తొడుగు తొడిగి
పడిపోయిన చేతితోనే పనులు చేయించాల్నట.

నాకున్నయి ఇరవై నిమిషాలు.
దేవరకొండ దవాఖానల పదకొండో నంబరు గది,
గొణుక్కుంట తిరిగే ఫ్యాను,
బయట బెంచీ మీద ఎనిమిది మంది,
పన్నెండున్నర బస్సు తప్పితే
మూడింటిదాక గుర్రంపోడు చేరలేని సైదమ్మ.

"కరెంటు పెట్టు బిడ్డా" అంటది.
అందరూ గదే అంటరు.
చీమలు పాకినట్టుంటే వైద్యం జరిగినట్టు.
పెద్దసారూ అంటడు:
పెట్టేయమ్మా, వాళ్లకు తృప్తి, మనకు రిజిస్టరు నిండుతది.
ఆరేండ్లు నేనూ పెట్టిన.
ఆ మిషను మీటల మీద అరిగిన అంకెలు
నా వేళ్లు అరగదీసినవే.

కాగితంలో కొయ్యముక్కలు.
ఇక్కడ బత్తాయిలు,
ఈ గంపలకెల్లి ఆ గంపలకు.
సైదమ్మ నవ్వింది:
"ముప్పై ఏండ్లు కూలికి తెంపిన కాయలే,
ఇప్పుడు నన్నే లెక్కబెట్టవట్టె."

ఎడమచేతికి మనవడి మేజోడు తొడిగి ముడేసిన.
మొదటి కాయ దొర్లి బల్ల కిందికి పోయింది.
రెండోదీ. మూడోదీ.
నాలుగోది వేళ్ల నడుమ
ఊపిరంత సేపు ఆగింది.

మిగిలిన గంటలను ముక్కలు చేసి ఇంటికి పంపిన:
ఎల్లిపాయ పొట్టు, పల్లికాయ, చెంబు మూత.
మనవడు గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తడు,
యాభైకొక అడ్డగీత.
ఇది వైద్యమా, వెట్టా అని
తోటికోడలు అడిగిందట.

మల్లేశు మాత్రం రెండోసారి రాలే.
ఒక్క వేలూ కదలని చేయి అతనిది.
మంచి చేతికి ముడేసి, ముందు గంప పెట్టి
ఇంకోసారి, ఇంకోసారి అన్న.
కాయల వంక చూస్తనే ఏడ్చిండు.
వేళ్లు కొంచెమన్న తెరుచుకునేటోళ్లకే ఇది అని
ఏడో పేజీ అడుగున చిన్నక్షరాలల్ల ఉంది.
ఆ రాత్రి చదివిన.
చింతపల్లికి రెండుసార్లు ఫోను చేసిన,
ఎవరూ ఎత్తలే.

రిజిస్టరులో గళ్లు మూడే: మైనం, కరెంటు, కట్టు.
పక్కన ఖాళీల రాసిన:
బత్తాయిలు, నలభై.
తర్వాతి వారం, నూట పన్నెండు.
ఆ పై వారం, తొంభై ఆరు. ఆమెకు జరం.

నిన్న చాయ్ పైసలకు
కుడిచేత్తోనే కొంగుముడి విప్పింది.
చాలాసేపు పట్టింది.
చాయ్ చల్లారింది.
నేను సాయం పోలే,
చేతులు వెనక కట్టుకొని నిలబడ్డ.

పెద్దసారు తలుపుకాడ ఆగిండు.
వంగి, బల్ల కిందికెల్లి ఒక కాయ తీసి
గంపల వేసిండు.
"ఆ కాగితం నాకూ ఇయ్యి" అన్నడు.
ఏడో పేజీ పైన పెట్టి ఇచ్చిన.