విస్తరించి రాయండి

టొలీడోలో రాత్రి ఏడింటి క్లాసు.
హీటరు గొణుగుతూనే ఉంటుంది, గది వెచ్చబడదు.
"విజయమంటే మీకేమిటి? ఒక పేజీ" అని
బోర్డు మీద రాశాను.
నాకిది ఈ వారం మూడో కాలేజీ.
నా ఆఫీసు నా కారు డిక్కీలో ఉంటుంది:
రెండు అట్టపెట్టెలు, అద్దం మీద మంచు గీకే రేకు,
ఒక జత పొడి సాక్సు.

ముందు వరసలో గ్రేడీ.
వాళ్ళ నాన్నకి ఊళ్ళో మూడు పళ్ళాసుపత్రులు.
పెద్ద యూనివర్సిటీలో ఒక ఏడాది పోగొట్టుకుని వచ్చాడు.
"నేనిక్కడ కొన్నాళ్ళే" అని మొదలుపెట్టి
మూడు పేజీలు నింపాడు, అందులో తొమ్మిదిసార్లు
"ఉత్త" అన్న మాట.
ఉత్త కమ్యూనిటీ కాలేజీ. ఉత్త రెండేళ్ళ డిగ్రీ.
బస్సు మారడానికి దిగినవాడిలా
భుజం మీంచి బ్యాగు దించడు.

ఆ ఉత్త కాలేజీ బోర్డు ముందే
రోసాల్వాని నిలబెట్టి
ఆగస్టులో వాళ్ళమ్మ పద్నాలుగు ఫోటోలు తీసింది,
టమాటా చేల మట్టి వదలని బూట్లతో
వెనక్కి వెనక్కి నడుస్తూ,
పేరులో ఒక్క అక్షరం కూడా తెగిపోకూడదని.
ఒకే మెట్టు.
ఒకరికి నేలమాళిగ, ఒకరికి డాబా.
రోసాల్వా పళ్ళు శుభ్రం చేసే కోర్సులో ఉంది.
తను నవ్వితే మాత్రం చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.
ఆమె పేజీలో నా ఎర్ర పెన్ను
రెండు స్పెల్లింగు తప్పులు పట్టుకుంది.
తక్కినదేదీ దానికి అందలేదు.

వెండెల్‌కి యాభై రెండు.
గాజు ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు,
అది మూతపడ్డాక గోదాములో,
నిమిషాలు లెక్కేసే యంత్రం మణికట్టుకి కట్టుకుని.
పెన్సిల్ని స్క్రూడ్రైవర్లా పట్టుకుంటాడు.
పేజీ అడిగితే ఒక్క వాక్యం ఇచ్చాడు:
"ఎవర్నీ అడక్కుండా బాత్రూంకి వెళ్ళగలిగే ఉద్యోగం."

కారులో, పైకప్పు లైటు కింద,
మూడుసార్లు చదివాను.
ఇరవైకి ఎన్ని వెయ్యను దీనికి?
స్టాఫ్ రూం తాళంచెవి
పార్ట్‌టైం వాళ్ళకివ్వరు. నేనూ అడిగే వెళ్తాను.
అలవాటైన చెయ్యి అలవాటైన మాటే రాసింది:
"ఆలోచన బావుంది. కొంచెం విస్తరించి రాయండి."
రాశాక సిగ్గేసింది.
కొట్టెయ్యలేదు. ఇంజను చల్లబడిపోతోంది,
ఇంకా పంతొమ్మిది కాగితాలున్నాయి.

తర్వాతి మంగళవారం
టోపీ మీద మంచు దులుపుకుంటూ వచ్చి
వెండెల్ ఆ కాగితమే మళ్ళీ బల్ల మీద పెట్టాడు.
పాత వాక్యం అలాగే ఉంది.
దాని కింద, చెరిపి చెరిపి
కాగితం పలచబడ్డ చోట
ఇంకొక్క ముక్క:

"కుదిరితే, ఒక కిటికీ."